కొత్తవారికి దారి చూపడానికి ఏది ముందు: సహాయ పేజీయా, మెంటరా, చిన్న పనా?

తెలుగు వికీపీడియాలో గానీ, అందరూ కలిసి గీసే ప్రపంచ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గానీ, ఏదైనా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో గానీ "కొత్తవాళ్లు చేరుతున్నారు, రెండు రోజులు కనబడి మాయమవుతున్నారు" అనే మాట వచ్చినప్పుడల్లా పాతవాళ్లలో ఎవరో ఒకరు "సహాయ పేజీలు సరిగ్గా లేవు, రాద్దాం" అంటారు. నెల రోజులు కూర్చుని రాస్తారు కూడా. పేజీలు బాగానే వస్తాయి. కొత్తవాళ్లు మాత్రం అలాగే వెళ్లిపోతుంటారు.

సహాయ పేజీ ఒక్కటే దారి కాదు. స్వాగత సందేశం, ఆటలా నేర్పే పాఠం, ప్రశ్నలు అడిగే చోటు, మెంటర్, చేతికిచ్చే చిన్న పని, ముందే సరిచూసి లోపలికి పంపడం, కార్యశాల అని చాలానే ఉన్నాయి. ప్రతిదానికీ పాతవాళ్ల సమయం ఖర్చవుతుంది. ఉద్యోగం, ఇల్లు చూసుకుని రాత్రిపూట ఓ గంట ఇచ్చే పదిమంది ఉన్న సముదాయానికి ఇవన్నీ చెయ్యడం కుదరదు. కాబట్టి ఎంచుకోక తప్పదు. ఉదాహరణలు ఎక్కువగా వికీపీడియా నుంచి తీసుకున్నాను. అక్కడ కొత్తవారి కోసం చేసిన ప్రయోగాల ఫలితాలు, పనిచెయ్యనివాటితో సహా, అందరూ చదవడానికి ఉన్నాయి.

నా సలహా ముందే చెప్పేస్తాను. చెయ్యగలిగిన చిన్న పని ఒకటి చేతికివ్వడం, అడిగితే మనిషి పలికే చోటు ఒకటి ఉంచడం. ఈ రెండూ కుదిరాకే మిగతావి.

ఇంగ్లీషు వికీపీడియాలో చురుగ్గా రాసేవారి సంఖ్య 2007లో తారస్థాయికి చేరి, ఆ తర్వాత ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చింది. కారణం వెతికిన పరిశోధకుడు ఆరన్ హాఫేకర్ బృందం 2013లో తమ అధ్యయనం ప్రచురించింది. కొత్తగా వచ్చేవారి నాణ్యత ఏమీ పడిపోలేదని అందులో తేలింది. మంచి ఉద్దేశంతో వచ్చి తెలియక తప్పు చేసినవారి రాతల్ని కూడా, కావాలని పాడుచేసేవారి రాతల్లాగే, ఆటోమేటిక్ పరికరాలతో క్షణాల్లో తీసెయ్యడం పెరిగింది. మొదటి ప్రయత్నమే అలా పోయినవారు మళ్లీ రావడం తగ్గింది. అంత పెద్ద సముదాయానికే అది దెబ్బ అయింది. కొద్దిమందే రోజూ పనిచేసే తెలుగు వికీపీడియా లాంటి చోట ఒక్క మనిషి నిలబడినా, ఒక్క మనిషి పోయినా తేడా తెలుస్తుంది.

ముందు ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి

ఏదీ ఎంచుకోకముందే గత రెండు మూడు నెలల్లో చేరినవారి మొదటి దిద్దుబాట్లు వరుసగా తెరిచి చదవండి. వికీలో అయితే "ఇటీవలి మార్పులు" పేజీలో కొత్తవారివి మాత్రమే చూపే వడపోత ఉంది. ఓ సాయంత్రం పెడితే చాలు, మీ సముదాయంలో జనం ఎక్కడ పడిపోతున్నారో తెలుస్తుంది. ఈ పని చెయ్యకుండా ఏ సాధనం పెట్టినా చీకట్లో రాయి వేసినట్టే.

తెలుగు వికీపీడియా వరకు చూస్తే ఆగిపోయే చోట్లు నాలుగైదు ఉంటాయి. వాటికి ఒక్క మందు లేదు.

మొదటిది టైపింగ్. ఫోన్‌లో జీబోర్డుతో వాట్సాప్‌లో గడగడా తెలుగు కొట్టేవారు కూడా కంప్యూటర్ ముందు కూర్చోగానే ఇక్కడ తెలుగు ఎలా వస్తుందని ఆగిపోతారు. వికీ రాత పెట్టెలోనే కీబోర్డు ఎంపిక ఉంది. లిప్యంతరీకరణ (ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చేది) గానీ ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాల వరుస ఉన్న కీబోర్డు) గానీ ఎంచుకోవచ్చు, కంట్రోల్, ఎం కలిపి నొక్కితే ఇంగ్లీషుకీ తెలుగుకీ మారుతుంది. తెలిసినవారికి అర నిమిషం పని. తెలియనివారికి అక్కడే ప్రయాణం ఆగిపోతుంది. దీనికి మెంటర్ అక్కర్లేదు, రాత పెట్టె పక్కనే ఒక్క వాక్యం కనబడితే చాలు.

దీని పక్కనే ఇంకోటుంది. పత్రికల్లో, డీటీపీ సెంటర్లలో పనిచేసిన పెద్దవారు చాలామంది దగ్గర విలువైన సమాచారం అను ఫాంట్లలో (అచ్చు పనికి వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) ఉంటుంది. ఆ మ్యాటర్ తెచ్చి వికీలో అతికిస్తే తెలుగు రాదు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వస్తాయి. చూసేవారికి అది చెత్తలా ఉంటుంది, వెంటనే తీసేస్తారు. రాసినవారికి ఏం తప్పు చేశారో అర్థం కాదు. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయని ఒక మనిషి ఒక్క మాట చెబితే, జిల్లా చరిత్ర మీద నలభై పేజీలు రాయగల మనిషి మీకు దొరుకుతారు. ఇది సహాయ పేజీ వల్ల అయ్యే పని కాదు. తన సమస్య పేరు "నాన్ యూనికోడ్" అని ఆయనకి తెలిస్తేనే కదా ఆ పేజీ వెతుక్కునేది!

తర్వాత కాపీ. పేపర్లో వచ్చిన వార్తో, పుస్తకంలోని పేజీయో యథాతథంగా ఎక్కించేస్తారు. సమాచారం అందరికీ అందాలన్నదే వారి ఉద్దేశం. కాపీహక్కుల గొడవ వారికి తట్టదు. ఆ తర్వాత తమ గురించో, తండ్రిగారి గురించో, రాబోయే సినిమాలో నటిస్తున్న మిత్రుడి గురించో పేజీ మొదలుపెట్టడం. పేజీ తొలగింపుకు ప్రతిపాదించామనే మూస (ముందే రాసి ఉంచిన నోటీసు) ఎర్రగా పైన పడగానే అవమానంగా అనిపిస్తుంది. ఇక్కడ నిబంధన చెప్పడం కంటే ఎలా చెబుతున్నామన్నది ముఖ్యం. అది మనిషే చెయ్యాలి.

చివరిది భయం. ఏదైనా పాడవుతుందేమో అని ముట్టుకోనివారు. వీరు దిద్దుబాటే చెయ్యరు కాబట్టి మీ వడపోతలో కనబడరు. ఖాతా తెరిచి ఒక్క అక్షరం మార్చనివారు ఎందరో లెక్క చూస్తే ఈ గుంపు ఎంత పెద్దదో తెలుస్తుంది.

సహాయ పేజీలు, స్వాగత సందేశాలు

సహాయ పేజీకి ఉన్న బలం ఒకటే. ఒకసారి రాస్తే రాత్రి రెండింటికి కూడా అందుబాటులో ఉంటుంది. కానీ రాయడం తేలిక, నిలబెట్టడం కష్టం. ఇంటర్‌ఫేస్ మారితే స్క్రీన్‌షాట్లు పాతబడతాయి. తెలుగు సముదాయాల్లో ఇంకో ఇబ్బంది, సగం పేజీలు ఇంగ్లీషు నుంచి అనువదించినవి కావడం. ఇంగ్లీషు వికీ ఇరవై ఏళ్ల గొడవల్లో ఒక్కో పొరా పెంచుకుంటూ వచ్చిన నిబంధనల్ని కొత్త మనిషి ముందు ఒకేసారి పెడితే చదివేదెవరు? రాయడానికి వచ్చిన మనిషి చట్టం చదవడానికి రాలేదు.

కాబట్టి సహాయ పేజీలే ఎంచుకుంటే కొత్తవి రాయకండి, ఉన్నవి తగ్గించండి. ఒక పేజీకి ఒక ప్రశ్న. "మూలాలు" అనే శీర్షిక పెట్టి మొదట తాత్విక చర్చ చెయ్యడం కంటే "ఈ సంగతి ఎక్కడ చదివారో ఎలా చూపించాలి?" అని పెట్టి, మొదటి వాక్యంలోనే ఏ బటన్ నొక్కాలో చెప్పడం మేలు. పేజీ ఎక్కడ పెట్టామన్నది ఇంకా ముఖ్యం. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్‌లో, కొత్తవారి కోసం సాధనాలు తయారుచెయ్యడానికి 2018లో మొదలైన గ్రోత్ బృందం తయారుచేసిన సహాయ పలక రాత పెట్టె పక్కనే తెరుచుకుంటుంది. రాస్తున్న పేజీ వదిలి వెళ్లక్కర్లేదు. కొత్తవారు వెతుక్కుని వెళ్లే సహాయం కంటే ఆగిన చోటే కనబడే సహాయం పదింతలు పనికొస్తుంది.

స్వాగత సందేశం విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. చాలా చోట్ల కొత్తవారి చర్చాపేజీలో (ఇతరులు వారికి సందేశాలు రాసే పేజీలో) వేసే స్వాగతం మూస ఒక పెద్ద పెట్టె. రంగులు, బొమ్మ, పదీ పదిహేను లింకులు. అది చూడగానే మనిషి రాసింది కాదని తెలిసిపోతుంది. దాన్ని మూడు వాక్యాలకు తగ్గించండి, అందులో ఒక వాక్యమైనా ఆ మనిషి చేసిన పని గురించి ఉండాలి. ఓ ఉదాహరణ చూడండి. ఒకాయన తమ ఊరి పేజీలో ఊరి చెరువు గురించి రెండు వాక్యాలు చేర్చారు, మూలం ఇవ్వలేదు. మామూలుగా జరిగేది, వాక్యాలు తీసేసి "మూలాలు లేవు" అని దిద్దుబాటు సారాంశంలో రాసి, పెద్ద స్వాగతం పెట్టె ఆయన పేజీలో వెయ్యడం. దానికి బదులు ఇలా రాయొచ్చు:

"నమస్కారమండీ. మీ ఊరి పేజీలో చెరువు గురించి మీరు రాసినవి చూశాను. ఆ సంగతి ఏ పేపర్లో గానీ పుస్తకంలో గానీ వచ్చి ఉంటే ఆ పేరు, తేదీ ఇక్కడే కింద రాయండి. పేజీలో ఎలా పెట్టాలో నేను చూపిస్తాను. ఎక్కడా అచ్చవ్వకపోతే ఆ వాక్యాలు ఉంచలేం. కానీ చెరువు ఫొటో మీరే తీసి ఎక్కిస్తే పేజీకి ఎంతో అందం వస్తుంది."

ఇది రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. నిబంధన ఏమీ సడలించలేదు. వాక్యాలు తీసేసినా ఆయన చెయ్యగలిగిన పని ఒకటి ఆయన చేతిలో మిగిలింది. ఖాతా తెరిచిన ప్రతివారికీ ఇలా రాయక్కర్లేదు, నిజంగా ఏదో చేర్చినవారికి రాస్తే చాలు. అలా చూస్తే రోజుకి ఒకరో ఇద్దరో ఉంటారు.

ఆటలా నేర్పే పాఠం

దీని మీద మోజు పడేవారు చాలామంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ప్రోగ్రామింగ్ వచ్చినవారికి తయారుచెయ్యడం సరదాగా ఉంటుంది. ఇంగ్లీషు వికీపీడియాలో 2013లో అలాంటిదే "వికీపీడియా అడ్వెంచర్" అని వచ్చింది. 7 దశలు, దశ దశకీ బ్యాడ్జీలు, మధ్యలో ఉత్తుత్తి సంభాషణలు. దాన్ని ఆడినవారికి బాగా నచ్చింది కూడా. అయితే కొత్తవారిలో కొందరికి ఆహ్వానం పంపి, కొందరికి పంపకుండా పోల్చి చూసిన పరిశోధన 2017లో వెలువడింది. ఆహ్వానం అందినవారు ఆ తర్వాత ఎక్కువ దిద్దుబాట్లు చేసిందేమీ లేదని తేలింది. నచ్చడం వేరు, నిలబడటం వేరు.

నాకు తోచిన కారణం ఇది. అందులో చేసే పని నిజం పని కాదు. వచ్చిన మనిషి తన ఊరి గురించో, ఇష్టమైన కవి గురించో రాయాలని వచ్చారు. ఉత్తుత్తి పేజీ దిద్దుతూ అరగంట గడిపాక ఆ ఉత్సాహంలో కొంత అక్కడే ఖర్చయిపోతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. చేతి నేర్పు కావలసిన చోట పాఠం పనికొస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో 2013 నుంచి ఉన్న ఐడీ ఎడిటర్ (బ్రౌజర్లోనే మ్యాపు గీసే సాధనం) తెరవగానే నడిపించి చూపే పాఠం వస్తుంది. బిందువు పెట్టడం, రోడ్డు గీయడం, భవనం మూలలు చతురస్రం చెయ్యడం లాంటివి చదివితే రావు, మౌసు పట్టుకుని చేస్తేనే వస్తాయి. మీ సముదాయంలో కొత్తవారు ఆగుతున్నది ఇలాంటి చోటయితే పాఠం తయారుచెయ్యండి. నిబంధనల దగ్గర, మాట తీరు దగ్గర ఆగుతుంటే ఆ శ్రమ వృథా.

మనిషి పలికే చోటు

2012లో ఇంగ్లీషు వికీపీడియా "టీహౌస్" అని ఒక చోటు తెరిచింది. కొత్తవారు ఎంత చిన్న ప్రశ్న అయినా అడగవచ్చు, అక్కడ జవాబిచ్చేవారు మర్యాదగా, నిబంధనల పేర్లు విసరకుండా చెప్పాలన్నది కట్టుబాటు. మొదటి రోజుల్లోనే కాస్త పనిచేసిన కొత్తవారికి ఒక బాట్ (దానంతటదే పనిచేసే ప్రోగ్రాము) ఆహ్వానం పంపేది. 2018లో వెలువడిన అధ్యయనంలో, ఆహ్వానం అందుకున్నవారు అందుకోనివారి కంటే ఎక్కువగా నిలబడ్డారని తేలింది. అడ్వెంచర్‌తో పోల్చి చూడండి. అక్కడా ఆహ్వానమే, ఇక్కడా ఆహ్వానమే. అవతల మనిషి ఉన్నాడా లేదా అన్నదే తేడా.

తెలుగు వికీపీడియాలో రచ్చబండ ఉంది, సహాయ కేంద్రం ఉంది, ప్రతి వ్యాసానికీ చర్చాపేజీ ఉంది, ప్రతి వాడుకరికీ చర్చాపేజీ ఉంది. కొత్తవారికి ఇది గందరగోళం. రచ్చబండలో పెద్ద విషయాలు, ప్రతిపాదనలు, ఓట్లు నడుస్తుంటాయి కాబట్టి అక్కడ తన చిన్న ప్రశ్న అడగడానికి జంకుతారు. సహాయ కేంద్రంలో అడిగితే ఎవరు చూస్తారో తెలియదు. చిన్న సముదాయానికి నేను చెప్పేది ఒకటే, అడిగే చోటు ఒక్కటి ఉంచండి, మిగతావన్నీ అక్కడికే దారి చూపాలి. ముగ్గురు వంతులు వేసుకుని వారానికి ఒకరు చొప్పున బాధ్యత తీసుకోండి. జవాబు పూర్తిగా తెలియకపోయినా "చూశాను, రేపటికి కనుక్కుని చెబుతాను" అని అదే రోజు రాయండి. ఖాళీగా పడి ఉన్న ప్రశ్నల పేజీ మాత్రం ప్రశ్నల పేజీ లేకపోవడం కంటే హాని. కొత్తగా వచ్చినవారు పైన ఉన్న జవాబులేని ప్రశ్నలు చూసి, ఇక్కడ ఎవరూ లేరని నిర్ణయించుకుంటారు.

మన దగ్గర చాలామంది వాట్సాప్ గ్రూపు పెడతారు. జవాబు వెంటనే వస్తుంది, అది నిజమైన లాభం. స్క్రీన్‌షాట్ తీసి "ఇది రావట్లేదండీ" అని పెట్టగానే పది నిమిషాల్లో ఎవరో ఒకరు చెబుతారు. రెండు నష్టాలు ఆలోచించండి. ఒకటి, గ్రూపులో అందరికీ ఫోన్ నంబరు తెలిసిపోతుంది. ముఖ్యంగా ఆడవారు ఈ కారణంతోనే చేరరు, చేరినా మాట్లాడరు. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకునే వీలుంది కాబట్టి గ్రూపే కావాలనుకుంటే అది మేలు. రెండోది, చెప్పిన జవాబు అక్కడే మునిగిపోతుంది. వచ్చే నెల చేరినవారికి అదే మళ్లీ చెప్పాలి. గ్రూపు నడుపుతుంటే, రెండుసార్లు వచ్చిన ప్రశ్న జవాబును సహాయ పేజీలో చేర్చడం ఒకరి పనిగా పెట్టండి. నిజమైన సహాయ పేజీలు అలా పుట్టాలి.

మెంటర్

మెంటర్ అంటే ఒకరికి ఒకరు. ఇంగ్లీషు వికీలో పాత పద్ధతిలో కొత్తవారే వెళ్లి తమకు ఒక పెద్ద దిక్కును వెతుక్కోవాల్సి వచ్చేది. అడగగలిగేవారు అప్పటికే సగం నిలబడినవారు. గ్రోత్ బృందం తెచ్చిన పద్ధతి వేరు. చెక్, కొరియన్ వికీపీడియాల్లో మొదలై ఇప్పుడు తెలుగుతో సహా మిగతా వికీపీడియాలకు వచ్చింది. ఖాతా తెరవగానే మెంటర్ల జాబితా నుంచి ఒకరు దానంతటదే కేటాయింపు అవుతారు. కొత్తవారి హోమ్‌పేజీలో ఆ పేరు కనబడుతుంది, అక్కడే ప్రశ్న రాస్తే మెంటర్ చర్చాపేజీలో పడుతుంది.

ఇందులో ఇబ్బంది మెంటర్లదే. ఉత్సాహంగా జాబితాలో పేరు ఇచ్చి, పరీక్షలో, పెళ్లో, ఉద్యోగం మార్పో వచ్చి రెండు నెలలు రాకపోతే ఆ రెండు నెలలూ ఆయనకి కేటాయించిన కొత్తవారంతా గోడతో మాట్లాడినట్టే. కాబట్టి నెలకోసారి జాబితా చూసి, రానివారిని మర్యాదగా పక్కన పెట్టే బాధ్యత ఒకరికి ఉండాలి. ఆ సాధనంలో "కొన్నాళ్లు రాను" అని పెట్టుకునే వీలుంది, వాడుకోమని చెప్పండి. రోజూ వచ్చేవారు అయిదుగురి కంటే తక్కువ ఉంటే మెంటర్ పద్ధతి జోలికి వెళ్లకండి, అందరూ చూసే ప్రశ్నల చోటే నయం. అక్కడ ఒకరు రాకపోయినా ఇంకొకరు చూస్తారు.

అయితే మెంటర్ తప్ప ఇంకేదీ పనిచెయ్యని సందర్భాలు ఉన్నాయి. ఇందాక చెప్పిన అను ఫాంట్ల పెద్దాయన అలాంటివారే. రిటైరైన ఉపాధ్యాయులు, స్థానిక చరిత్ర రాసేవారు, జానపద గేయాలు సేకరించినవారు కంప్యూటర్ దగ్గర ఇబ్బంది పడతారు గానీ వారి దగ్గర ఉన్నది ఇంకెవరి దగ్గరా ఉండదు. అలాంటివారికి ఫోన్ చేసి, స్క్రీన్ పంచుకుని, నెల రోజులు వెంట ఉండండి. ఇలా పదిమందికి చెయ్యలేరు. ఏడాదికి ఇద్దరికి చేసినా చాలు.

చేతికి చిన్న పని

నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్నది ఇదే. "మీకు నచ్చింది రాయండి" అనే మాట వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది, కొత్తవారికి మాత్రం అది టెన్షన్. "ఈ అయిదు పేజీల్లో ఒక్కో అక్షరదోషం ఉంది, సరిచెయ్యండి" అంటే పది నిమిషాల్లో అయిపోతుంది. తాము చేసింది లోకమంతా చూసే పేజీలో నిలబడటం కళ్లారా చూస్తారు.

గ్రోత్ బృందం చేసింది ఇదే. హోమ్‌పేజీలో ఆసక్తిని బట్టి పనులు చూపిస్తుంది. 2021లో వచ్చిన "లింకు చేర్చు" అనే పనిలో ఏ పదానికి ఏ పేజీ లింకు ఇవ్వాలో యంత్రమే సూచిస్తుంది, కొత్తవారు అవును, కాదు అని చెబితే చాలు. ఫోన్‌లోనే చెయ్యవచ్చు. ఇది కనబడినవారిలో మొదటి దిద్దుబాటు చేసేవారు పెరిగారు, ఆ దిద్దుబాట్లు తీసివేతకు గురికావడం తగ్గింది. ఒక్కసారి ఆలోచించండి, కొత్తవారిని తరిమే మొదటి దెబ్బే ఇక్కడ తప్పిపోతోంది.

యంత్రం లేకపోయినా ఈ పద్ధతి నడపవచ్చు. తెలుగులో అలాంటి పనులకు కొదవ లేదు. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఊళ్ల పేజీల్లో, దేవాలయాల పేజీల్లో, జీవిత చరిత్రల్లో పాత జిల్లా పేర్లతో మిగిలిన వాక్యాలు ఉంటాయి. తన ఊరు ఏ జిల్లాలోకి వచ్చిందో ఎవరికైనా తెలుసు, గెజిట్ నోటిఫికేషన్ మూలంగా ఉంది. ఇంతకంటే మంచి మొదటి పని ఏముంటుంది? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో కొత్తవారికి తగ్గ సమస్యలకు వేరే లేబుల్ పెట్టడం కూడా ఇదే ఆలోచన.

ఒక్క జాగ్రత్త. పనుల జాబితాను పాతబడనివ్వకండి. అందులోని ఇరవై పనుల్లో పదిహేను ఎవరో ముందే చేసేసి ఉంటే కొత్తవారు మూడో దాని దగ్గర విసిగిపోతారు. ఇంకో మాట, పాతవారు అలవాటుగా ఆ చిన్న పనులు చకచకా చేసెయ్యకుండా చేతులు కట్టుకోవాలి. ఇది కష్టమే. పది సెకన్లలో సరిచెయ్యగల తప్పును కొత్తవారి కోసం వదిలిపెట్టడానికి మనసు ఒప్పదు. కానీ ఒప్పించుకోవాలి.

ముందే సరిచూసి పంపడం

ఇంగ్లీషు వికీపీడియా 2017 సెప్టెంబరు నుంచి ఆరు నెలలు ప్రయోగం చేసి, 2018 ఏప్రిల్ నుంచి కొత్తవారు నేరుగా వ్యాసం మొదలుపెట్టకుండా ఆపింది. ఖాతా తెరిచి 4 రోజులు గడవాలి, 10 దిద్దుబాట్లు చెయ్యాలి. లేకపోతే డ్రాఫ్టు రాసి పరిశీలనకు పంపాలి. ప్రోగ్రామర్లు ప్రశ్నలు, జవాబులు రాసుకునే సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2024లో స్టేజింగ్ గ్రౌండ్ అని తెచ్చింది. కొత్తవారి ప్రశ్న అందరికీ కనబడే ముందు అనుభవజ్ఞులు చూసి, ఏం చేర్చాలో చెప్పి, బాగుపడ్డాక బయటికి పంపుతారు. నలుగురిలో చివాట్లు తినడం కంటే నాలుగు గోడల మధ్య సలహా వినడం ఎవరికైనా మేలే.

తనిఖీ చేసేవారు ఎప్పుడూ ఉండే సముదాయానికే ఇది తగింది. చిన్న సముదాయంలో డ్రాఫ్టు నెలల తరబడి వరుసలో పడి ఉంటుంది, రాసినవారు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు. మీకు స్పామ్ బెడద నిజంగా ఉంటే, చర్చావేదికలు నడిపే డిస్కోర్స్ సాఫ్ట్‌వేర్ చేసేలా పరిమితి స్వల్పంగా ఉండి దానంతటదే తొలగిపోవాలి. అక్కడ మామూలు అమరికలో 5 అంశాలు తెరిచి, 30 పోస్టులు చదివి, 10 నిమిషాలు గడిపితే మొదటి మెట్టు దాటినట్టే. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పద్ధతి నాకింకా నచ్చుతుంది. మార్పు వెంటనే చేరిపోతుంది, కానీ పంపేటప్పుడు "నా మార్పులు ఎవరైనా చూడండి" అని టిక్ పెట్టుకునే వీలుంది. సాయం కావాలా వద్దా అన్నది కొత్తవారి చేతిలోనే ఉంది.

కార్యశాలలు

కాలేజీలో ఒక పూట కార్యశాల పెడితే హాలు నిండుతుంది, ఫొటోలు బాగా వస్తాయి, పై వారం ఒక్కరూ కనబడరు. అయినా కార్యశాల వద్దనను. ఎదురుగా కూర్చుని నేర్పితే టైపింగ్ భయం, పాడుచేస్తామేమో అన్న భయం గంటలో పోతాయి. అయితే దానికి ముందు, తర్వాత చెయ్యాల్సినవి ఉన్నాయి. ముందు, అందరినీ ఇంటి దగ్గరే ఖాతా తెరుచుకుని రమ్మనండి. వికీమీడియా సైట్లలో ఒక ఐపీ చిరునామా (అంటే ఒకే ఇంటర్నెట్ కనెక్షను) నుంచి రోజుకి 6 ఖాతాలే తెరవగలరు. కాలేజీ వైఫైలో ఏడో మనిషి దగ్గర ఆగిపోతుంది, గంట దాంతోనే పోతుంది. కుదరకపోతే ఆ పరిమితి సడలించమని ముందుగానే అభ్యర్థన పెట్టాలి, లేదా మొబైల్ డేటా వాడమనాలి. తర్వాత, ఆ రోజు మొదలుపెట్టిన పనిని సగంలో ఆపించి, మిగతా సగం వచ్చే శనివారం ఆన్‌లైన్‌లో కలిసి చేద్దామని సమయం చెప్పి పంపండి. వ్యాసాల సంఖ్యకు బహుమతి మాత్రం పెట్టకండి. కాపీలు, రెండు వాక్యాల మొలకలు వచ్చి పడతాయి, తుడవడానికి నెల పడుతుంది.

మీ సముదాయానికి ఏది?

రోజూ వచ్చేవారు అయిదుగురు లోపు ఉంటే చిన్న పనుల జాబితా ఒకటి, ప్రశ్నల చోటు ఒకటి, అంతే. స్వాగతం చేత్తో రాయండి. సహాయ పేజీలు మూడు చాలు: టైపింగ్, మూలం చూపడం, ఏవి కాపీ చెయ్యకూడదు. ఇరవై ముప్ఫై మంది ఉంటే దానికి మెంటర్లను కలపండి, ఏడాదికి రెండు కార్యశాలలు పెట్టండి. వందల్లో ఉంటేనే ముందస్తు పరిశీలన గురించి ఆలోచించండి. ఆట పాఠం ఎవరైనా సరదాగా చేస్తామంటే అడ్డు చెప్పక్కర్లేదు, కానీ దానికోసం ప్రశ్నలకు జవాబిచ్చేవారి సమయం తియ్యకండి.

ఏది పెట్టినా పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి స్వాగత సందేశాల సంఖ్య, సహాయ పేజీ వీక్షణలు లెక్కపెట్టకండి. గ్రోత్ బృందం చూసేవి రెండు. ఖాతా తెరిచిన 24 గంటల్లో, తీసివేతకు గురికాని దిద్దుబాటు ఒక్కటైనా చేశారా? ఆ తర్వాతి రెండు వారాల్లో మళ్లీ వచ్చారా? చిన్న సముదాయంలో ఇవి చేత్తోనే లెక్కపెట్టవచ్చు. వీటికి నేను ఇంకొకటి కలుపుతాను: తీసివేతకు గురైన మొదటి దిద్దుబాట్లలో ఎన్నిటికి మనిషి రాసిన ఒక్క వాక్యమైనా జవాబుగా వెళ్లింది? కొత్త పద్ధతి పెట్టే ముందు మూడు నెలలకు ఈ లెక్కలు రాసి పెట్టుకోండి, పెట్టాక మూడు నెలలకు మళ్లీ రాయండి. పరీక్షల కాలం, సెలవులు రెండిట్లో ఒకేలా పడేట్టు చూసుకోండి, లేకపోతే వేసవి సెలవుల్లో వచ్చిన విద్యార్థుల సందడిని మీ కొత్త పద్ధతి గొప్పతనంగా పొరబడే ప్రమాదం ఉంది.